పొద్దుగాల సలికి కారు గేర్లు గట్టిగ పడుతున్నయా: తరచుగా అడిగే ప్రశ్నలు

మార్గశిరం పడిందంటే మా సందుల ఒకటే లొల్లి. పొద్దుగాల ఆరున్నరకి పిల్లల్ని దింపుదామని కారు తీస్తే గేర్ పడతలేదు, పడ్డా కర్రుమంటంది, ఇంజిన్ వేడెక్కినంక ఏం లేదన్నట్టు మంచిగ అయితంది. హన్మకొండల మా గల్లీల ఏడు కార్లుంటే అయిదు మాన్యువలే, అయిదుగురూ డిసెంబర్ల నన్నే అడుగుతరు. నేను మెకానిక్‌ని కాదు, పన్నెండేండ్ల సంది ఒక్కటే పాత పెట్రోల్ కారు నడుపుతున్న, అది నాతోటి పెట్టించిన ఖర్చులల్ల నేర్చుకున్నదే ఇదంతా. ప్రతిసారి నోటితోని చెప్పలేక ఒక్కకాడ రాసి పెడుతున్న.

పొద్దుగాల ఫస్ట్, సెకండ్ గట్టిగ పడుతున్నయి, నాలుగు కిలోమీటర్లు పోయినంక మామూలుగ అయితంది. గేర్‌బాక్స్ పోయినట్టేనా?

కాదు. వేడెక్కినంక పూర్తిగ మంచిగ అయితే, చప్పుడు లేకుంట కొంచెం బరువుగ మాత్రమే పడుతుంటే, నూటికి తొంభై సార్లు అది లోపలి గేర్ ఆయిల్ చిక్కబడ్డందుకే. గేర్‌బాక్స్ దింపాలె అని ఎవలన్న అంటే ఆ మాట అక్కడనే ఆపి బండి తీసుకొని ఇంటికి రాండ్రి. ముందు కింద చెప్పే రెండు టెస్టులు చేసుకోండ్రి, పైసా ఖర్చు లేదు, పది నిమిషాల పని.

అసలు సలికీ గేర్‌కీ సంబంధం ఏంది?

ఇది జర వివరంగ చెప్పాలె, ఇది తెలిస్తే మిగతాయన్ని వాటంతట అవే అర్థమయితయి.

గేర్ మార్చినప్పుడు లోపల రెండు వస్తువులు వేరువేరు స్పీడుల తిరుగుతుంటయి, వాటిని ఒక్క స్పీడుకు తెచ్చినంకనే పళ్లు పళ్లల్ల కూసుంటయి. హన్మకొండ బస్టాండుల కదులుతున్న బస్సు ఎక్కేటోన్ని చూసిండ్రు గదా, బస్సుతోపాటు నాలుగడుగులు ఉరికి, స్పీడు కలిసినంక కడ్డీ పట్టుకొని ఎక్కుతడు. నిలబడ్డకాడికెళ్లి ఎక్కబోతే చెయ్యి ఊడుతది. గేర్‌బాక్సుల ఆ నాలుగడుగులు ఉరికిచ్చే పని సింక్రో రింగుది. ఇత్తడి రింగు, లోపలి దిక్కు సన్నటి గాట్లుంటయి, గేర్ పక్కన ఉన్న కోన్‌కి పోయి రాసుకుంటది, ఆ రాపిడితోని స్పీడు కలుస్తది.

ఇగ మెలిక ఏందంటే ఆ రింగుకు కోన్‌కు నడుమ ఆయిల్ పొర ఉంటది. రాపిడి కావాలంటే ఆ పొరను పక్కకు నెట్టాలె, ఆ గాట్లు ఉన్నదే అందుకు. ఆయిల్ పలుచగ ఉంటే చిటికెల తప్పుకుంటది, చిక్కగ ఉంటే తప్పుకోనికి టైం పడుతది, అప్పటిదాక రింగు జారుతనే ఉంటది, స్పీడు కలవదు, గేర్ రాడ్ మీ చేతిని వెనక్కి నెడుతున్నట్టు అనిపిస్తది. ఆ నెట్టుడు బండి మీతోని "ఇంకా కాలేదు ఆగు" అంటున్నట్టే. ఆగకుంట గుద్దితే కర్రుమంటది.

సెకండ్‌కే ఎక్కువ ఎందుకు వస్తదంటే, ఫస్ట్‌కు సెకండ్‌కు నడుమ స్పీడు తేడా మిగతా గేర్లకన్న పెద్దగ ఉంటది, పొద్దుగాల మొదలు మార్చేది కూడ అదే గేర్ కాబట్టి తిట్లన్నీ అది పడతది.

మన దగ్గర మంచు పడతదా ఏంది, ఇంత సలికే ఆయిల్ చిక్కబడతదా?

చిక్కబడతది. గేర్ ఆయిల్‌కు మంచు అక్కర్లేదు. మామూలు 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ (ఈ అంకెల సంగతి కింద చెప్త) తీసుకుంటే, మే నెల రాత్రి 30 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనానికి, జనవరి పొద్దుగాల 12 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనానికి మూడు రెట్లకు పైనే తేడా ఉంటది. బాగ వేడెక్కిన గేర్‌బాక్సుతోని పోలిస్తే పదుల రెట్లు. మీకు నమ్మకం లేకుంటే పాత ఆయిల్ డబ్బా ఒకటి బయట పెట్టి పొద్దుగాల ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి వంపి చూడుండ్రి, పొద్దుగాల పాకం లెక్క సాగుకుంట దిగుతది.

వరంగల్‌ల ఇంత అయితే ఆదిలాబాద్ దిక్కు సంగతి వేరే, అక్కడ సలి ముదిరితే సింగిల్ డిజిట్‌కు పోతది. ఒక ఏడు పుష్య మాసంల కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయినం. అమావాస్య రాత్రి మెస్రం వంశపోళ్ల పూజ చూసి, బండి పొలం గట్టు మీద పెట్టి అందుల్నే ఒరిగినం. తెల్లారి అద్దం మీద మంచు నీళ్లు కారుతున్నయి, ఇంజిన్ ఒక్క చిటికెల స్టార్ట్ అయింది గని గేర్ రాడ్ కదిలిస్తే బురదల గుంజ ఊపినట్టే ఉంది. ఇంద్రవెల్లి దాటేదాక సెకండ్‌ల వేసుడు ఒక యుద్ధం. అదే బండి రెండు రోజుల ముందట హన్మకొండల కొంచెం బరువనిపించిందంతే. బండి మారలే, డిగ్రీలు మారినయి.

ఇంట్లనే ఎట్ల చెక్ చేసుకోవాలె?

రెండు టెస్టులు, రెండూ పొద్దుగాల బండి సల్లగ ఉన్నప్పుడే చెయ్యాలె. చదునైన జాగల పెట్టి, హ్యాండ్ బ్రేక్ గుంజి, చక్రాల కింద ఇటుకలు పెట్టుండ్రి, ముందర వెనక ఎవ్వలు లేకుంట చూసుకోండ్రి.

మొదటిది ఇంజిన్ బంద్ ఉన్నప్పుడు. క్లచ్ తొక్కి ఫస్ట్ నుంచి రివర్స్ దాక అన్ని గేర్లు ఒక్కొక్కటి వేసి తీయుండ్రి. ఒకటో రెండో సార్లు అడ్డం తగిలినా, న్యూట్రల్‌కు తెచ్చి మళ్ల వేస్తే పడితే మంచిదే, నిలబడ్డ బండిల పన్ను పన్నుకు తగులుడు మామూలే. ఇప్పుడు స్టార్ట్ చేసి అదే పని చేయుండ్రి. ఇంజిన్ బంద్ ఉన్నప్పుడు సాఫుగ పడి, స్టార్ట్ చేసినంక గట్టిగ అయితే ఎక్కువసార్లు తప్పు గేర్‌బాక్సుది కాదు, క్లచ్ పూర్తిగ విడుస్తలేదు, అంటే తొక్కినా ఇంజిన్‌ను గేర్‌బాక్సు నుంచి పూర్తిగ విడదీస్తలేదు. ఇంజిన్ బంద్ ఉన్నా అంతే గట్టిగ ఉంటే గేర్ రాడ్ నుంచి గేర్‌బాక్స్ దాక పోయే కేబుళ్లో, లింకేజో, బుష్షులో చూడాలె.

రెండోది రివర్స్ టెస్ట్. చానా కార్లల్ల రివర్స్‌కు సింక్రో ఉండదు, అందుకే క్లచ్ సంగతి అది దాచకుంట చెప్తది. ఇంజిన్ నడుస్తుండంగ, న్యూట్రల్‌ల క్లచ్ పూర్తిగ తొక్కి, ఒకటి రెండు అని అయిదు దాక లెక్కపెట్టి, అప్పుడు రివర్స్ వేయుండ్రి. చప్పుడు లేకుంట పడితే క్లచ్ బాగనే ఉంది. అయిదు లెక్కపెట్టినా కర్రుమంటే, క్లచ్ తొక్కినా ఇంజిన్ నుంచి గేర్‌బాక్సులకు పోయే లోపలి షాఫ్ట్ ఇంకా తిరుగుతనే ఉందన్నట్టు.

ఈ రెండు టెస్టుల ఫలితం మెకానిక్‌కు చెప్తే చాలు, ఆయన మీతోని మాట్లాడే తీరే మారుతది.

స్టార్ట్ చేసిన ఎంబడే రివర్స్ వేస్తే చప్పుడొస్తంది, ఒక్క నిమిషం ఆగినంక వస్తలేదు. ఇది కూడ క్లచ్ సమస్యేనా?

ఎక్కువసార్లు కాదు. సల్లటి ఇంజిన్ స్టార్ట్ అయినప్పుడు ఐడ్లింగ్, అంటే రేజ్ ఇయ్యకుంట ఇంజిన్ తిరిగే స్పీడు, పైకే ఉంటది, కొన్ని బండ్లల్ల నిమిషానికి 1200, 1500 చుట్ల (ఆర్‌పీఎం) దాక కూడ పోతది. క్లచ్ తొక్కినా ఆ ఊపుకు షాఫ్ట్ కాసేపు తిరుగుతది. ఆర్‌పీఎం ముల్లు కిందికి దిగేదాక ఆగుండ్రి, అప్పటిదాక అద్దం తుడుసుకోండ్రి. అంత కూడ తొందరుంటే ముందు ఏదన్న ముందుకు పోయే గేర్, సెకండో థర్డో, వేసి తీసి ఎంబడే రివర్స్ వేయుండ్రి. ఆ గేర్ సింక్రో షాఫ్ట్‌ను ఆపేస్తది, రివర్స్ కిమ్మనకుంట పడుతది. మా నాయిన జీపు నడిపినప్పటి ఉపాయం ఇది, ఇప్పటి కార్లల్ల కూడ పని చేస్తది.

క్లచ్ పూర్తిగ తొక్కుతున్న అనుకుంటున్న, అయినా విడుస్తలేదు?

"అనుకుంటున్న" కాదు, వంగి చూడుండ్రి. ముందు మ్యాట్ తీసి బయట పారేయుండ్రి.

నవ్వుకుంటరు గని ఇది నిజం. ఇప్పుడు అందరు వేయించుకునే ఆ దొడ్డు మ్యాట్లు, కింద ఒకటి, మీద ఇంకొక రబ్బరుది, రెండూ కలిసి క్లచ్ పెడల్ కింద మడత పడితే పెడల్ ఆఖరి అంగుళం దిగదు. క్లచ్‌ల ఆ ఆఖరి అంగుళమే అసలు పని చేసేది. మా ఎదురింటి బావ క్లచ్ ప్లేటు మార్పియ్యడానికి సిద్ధమయ్యిండు, రేటు కూడ మాట్లాడుకున్నడు. నేను పోయి చూస్తే పెడల్ కింద మ్యాట్ అంచు, దాని కింద పాప స్కెచ్ పెన్ను. సలికి రబ్బరు బిర్రుగ అయి ఇంకా ఎక్కువ అడ్డం పడుతది, పొద్దుగాల ఎక్కువ వస్తందని ఆయన ఎందుకన్నడో అప్పుడు అర్థమయింది. పెన్ను పాపకిచ్చిన, బావ ఇప్పటికీ ఆ సంగతి తీస్తే మాట మారుస్తడు.

మ్యాట్ తీసిన, అయినా అట్లనే ఉంది. క్లచ్‌ల ఏం చూడాలె?

మీ బండి క్లచ్ కేబుల్‌దా (తీగతోని గుంజేది), హైడ్రాలిక్‌దా (ఫ్లూయిడ్ ఒత్తిడితోని నడిచేది) అనేది ముందు తెలుసుకోండ్రి.

కేబుల్ అయితే, తీగ లోపల ఒక్కొక్క పోగు తెగుకుంట వస్తది, కవర్‌ల తుప్పు పడతది, పొద్దుగాల బిగుసుకుంటది. పెడల్ తొక్కుతుంటే గరగర అనిపించినా, తొక్కిన పెడల్ మెల్లగ పైకొచ్చినా కేబుల్ మీదనే అనుమానం పెట్టుకోవచ్చు. అడ్జస్ట్‌మెంట్ లూజ్ అయినా క్లచ్ సగమే విడుస్తది. కేబుల్ చిన్న ఖర్చు, అది మార్చకుంట ప్లేటు దాక పోవద్దు.

హైడ్రాలిక్ అయితే ఒక్క పరీక్ష. గేర్ పడనప్పుడు పెడల్‌ను మూడు నాలుగు సార్లు టకటక తొక్కి మళ్ల వేసి చూడుండ్రి. అప్పుడు సాఫుగ పడితే లైన్‌ల గాలి ఉన్నట్టు, లేదంటే మాస్టర్ సిలిండరో (పెడల్ దిక్కుది) స్లేవ్ సిలిండరో (గేర్‌బాక్స్ దిక్కుది) లోపల లీకు కొడుతున్నట్టు. పెడల్ పైభాగంల, కార్పెట్ మీద తడి ఉందా చెయ్యి పెట్టి చూడుండ్రి. చానా కార్లల్ల క్లచ్‌కు బ్రేక్‌కు ఒక్కటే ఫ్లూయిడ్ డబ్బా, అందుకే ఆ లెవెల్ తగ్గుతుంటే రేపటికి పెట్టుకోవద్దు, అది గేర్ సంగతి కాదు ఇగ, బ్రేక్ సంగతి. ఆ ఫ్లూయిడ్ గాలిల తేమను గుంజుకుంటది, రంగు నల్లబడి ఉంటే మార్పించుడే.

ఈ రెండూ బాగుంటే అప్పుడు లోపలి ప్లేటు, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్. ఇంజిన్ పవర్ వెనక చక్రాలకు పోయే బొలెరో, సుమో లాంటి బండ్లల్ల పైలట్ బేరింగ్ అని ఇంకొకటి ఉంటది, అది బిగుసుకున్నా క్లచ్ తొక్కినా షాఫ్ట్ ఆగదు. ఇవి చూడాలంటే గేర్‌బాక్స్ దించాల్సిందే.

గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చిన్నో గుర్తు లేదు. మార్పిస్తే తేడా వస్తదా?

వస్తది, కాని ఏ ఆయిల్ పోస్తున్నరు అనేది చూసుకుంటేనే. నా సొంత ఏడుపు ఇక్కడ చెప్పుకుంట.

నాలుగేండ్ల కింద వానకాలంల బండి సర్వీసుకిచ్చినప్పుడు గేర్ ఆయిల్ కూడ మార్చమన్న. పేరెందుకు గని మనకు తెలిసినాయనే, చెయ్యి మంచిది, ఇంజిన్ పని బాగ చేస్తడు. సాయంత్రం బండి తెచ్చుకున్న, అంతా బాగనే ఉంది. డిసెంబర్ మొదటి వారం వచ్చింది, పొద్దుగాల సెకండ్ వేస్తే ఎండిన రేగట్ల గడ్డపార దించినట్టుంది. పది రోజులు చూసి మళ్ల పోయిన.

"అన్నా, అప్పుడు ఏం ఆయిల్ పోసినవ్?"

"తొంభై నంబర్ సార్. మంచి దొడ్డు ఆయిల్. ట్రాక్టర్లకే అది పోస్తం, నీ కారుకు ఆగదా?"

చూపిచ్చిండు, మూలకు పెద్ద డ్రమ్ము, పైన చేతిపంపు. మా ఊరి ట్రాక్టర్లన్నీ ఆ డ్రమ్ము మీదనే బతుకుతయి, వాటికి అది సరైనదే. నేను ఇంటికొచ్చి డ్యాష్‌బోర్డు అరల ఎనిమిదేండ్ల సంది తెరవని ఓనర్ మాన్యువల్ తీసి చూస్తే 75డబ్ల్యూ-80, జీఎల్-4 అని రాసి ఉంది. ఆయన మోసం చెయ్యలే, దొడ్డు ఆయిల్ అంటే మంచి ఆయిల్ అని నమ్మిండు, నేను అడగలే. తప్పుల సగం నాదే.

సరైన ఆయిల్ రెండు లీటర్లు కొనుక్కొని పోయి దగ్గరుండి మార్పిచ్చిన, కూలీతోని కలిపి పద్నాలుగు వందల చిల్లర అయింది. తెల్లారి సలికి చూస్తే ఇంకా కొంచెం బరువుంది గని రెండు వేళ్లతోని పడుతంది. దించిన ఆయిల్ మాత్రం ఎండకు పట్టి చూస్తే సన్నగ బంగారు రంగు మెరుపు కనిపించింది. అది ఇత్తడి, నా సింక్రో రింగులు ఆ నాలుగు నెలలల్ల అరిగిన పొడి. ఇప్పటికి కూడ సెకండ్ మిగతా గేర్లంత మెత్తగ ఉండదు.

ఈ 75, 80, 90, డబ్ల్యూ అంటే ఏంది?

డబ్ల్యూ ముందటి అంకె సలిల ఆయిల్ ఎట్లుంటదో చెప్తది, ఎంత చిన్నదైతే సలిల అంత పలుచగ ఉంటది. వెనక అంకె వేడెక్కినంక ఎట్లుంటదో చెప్తది. పొద్దుగాల బాధకు ముందటి అంకెతోనే పని. రెండూ మీ మాన్యువల్‌ల రాసినట్టే ఉండాలె, నా బండిది మీకు పనికిరాదు.

జీఎల్-4, జీఎల్-5. అయిదు పెద్దది కదా, అదే మంచిది కాదా?

చానామంది పొరపాటు పడేది ఇక్కడనే. జీఎల్ అనేది ఆ గేర్ ఆయిల్ ఏ పనికో చెప్పే గుర్తు. జీఎల్-5 అంటే జీఎల్-4కు అన్న కాదు, దాని పని వేరే. లారీలు, జీపుల వెనక డిఫరెన్షియల్‌ల (చక్రాలకు పవర్ పంచే గేర్ల డబ్బా) పళ్లు ఒకదాని మీద ఒకటి బరువుగ జారుతయి, ఆ ఒత్తిడి తట్టుకోనికి జీఎల్-5ల గంధకం, ఫాస్ఫరస్ ఉన్న మందులు ఎక్కువ కలుపుతరు. అది ఆ పనికి కావాలె. కాని సింక్రోకు కావల్సింది రాపిడి, అతిగ జారే ఆయిల్‌ల అది దొరకదు. పైగ కొన్ని జీఎల్-5 ఆయిళ్లల్ల ఆ గంధకం ఇత్తడిని కూడ తింటది. మాన్యువల్ల జీఎల్-4 అని ఉంటే జీఎల్-4నే పోయిండ్రి. డబ్బా మీద రెండూ రాసి ఉన్న ఆయిళ్లు కూడ దొరుకుతయి, నాకైతే సక్కగ ఒక్కటే రాసి ఉన్నది నచ్చుతది.

అట్లయితే ఇంకా పలుచటిది పోస్తే ఇంకా మెత్తగ పడుతయి కదా?

సలికాలం పడుతయి, మే నెలల ఏడుస్తరు. రామగుండం 45 డిగ్రీల ఎండల ఆయిల్ మరీ పలుచబడితే బేరింగుల చప్పుడు మొదలయితది. కొన్ని కంపెనీలు తమ గేర్‌బాక్సులకు సొంతంగ పలుచటి ఆయిల్ చెప్తయి, అది వాటి లెక్క.

ఆయిల్ మార్పించేటప్పుడు దగ్గరుండి ఏం చూడాలె?

పై నట్టు ముందు విప్పమనుండ్రి, కింది డ్రెయిన్ నట్టు తర్వాత. ఇది మర్చిపోవద్దు. కిందిది ముందు తీసి ఆయిల్ మొత్తం దించినంక పైది తుప్పు పట్టి ఊడకపోతే, ఆయిల్ పొయ్యనికి దారి లేదు, బండి అక్కడనే నిలబడుతది.

బండి ఒక అయిదు పది కిలోమీటర్లు నడిపి వేడిగ ఉన్నప్పుడు దించాలె, మడ్డి కూడ దానితోని వస్తది. చానా డ్రెయిన్ నట్లకు అయస్కాంతం ఉంటది, దానికి బూడిద రంగు మెత్తటి పేస్టు అంటుకొని ఉంటే అది మామూలు అరుగుడే. గోటికి తగిలే ఇనుప ముక్కలుంటే మాత్రం ఆలోచించాలె. కొత్త ఆయిల్ బండి చదునుగ ఉన్నప్పుడు పై రంధ్రం అంచు దాక పొయ్యాలె, ఒక దిక్కు జాకీ మీద లేపి పోస్తే లెవెల్ తప్పుతది. ముందు చక్రాల లోపలి దిక్కు నల్లగ తడి ఉందేమో కూడ ఒక చూపు చూడుండ్రి, షాఫ్ట్ ఆయిల్ సీల్ పోతే అక్కడికెళ్లే కారుతది.

2023 వానలల్ల మా కారు నీళ్లల్ల మునిగింది. అప్పటి సంది సలికాలం గేర్లు తేడాగ ఉన్నయి.

ఆ జూలైల హన్మకొండ, వరంగల్ల మునిగిన కాలనీల బండ్లు మస్తు మంది ఇంజిన్ ఆయిల్ మార్చి నడుపుకుంటున్నరు, గేర్‌బాక్స్ ఎవ్వలూ పట్టించుకోలే. గేర్‌బాక్స్‌కు పైన గాలి పోయే చిన్న బ్రీదర్ ఉంటది, నీళ్లు అంతదాక వస్తే లోపలికి పోతయి. దించి చూడుండ్రి, ఆయిల్ పాలు పోసిన చాయ్ రంగుల ఉంటే నీళ్లు కలిసినట్టే. ఒక్కసారి మారిస్తే సాలదు, కొన్ని రోజులు నడిపి ఇంకోసారి మార్చాలె. ఇన్నేండ్లు అట్లనే నడిపిచ్చి ఉంటే బేరింగులు కూడ ఒకసారి వినిపియ్యాలె మంచి చెవి ఉన్న మెకానిక్‌తోని.

వాన తడికి నెల రోజులు నిలబెట్టిన బండిల ఇంకొకటి అయితది, క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు (ఇంజిన్ చివర తిరిగే బరువు చక్రం) తుప్పుతోని అంటుకుంటది. క్లచ్ తొక్కినా ఏ గేరూ పడదు. అది సలి కాదు.

పొద్దుగాల పది నిమిషాలు నిలబెట్టి స్టార్ట్‌ల ఉంచితే గేర్‌బాక్స్ వేడెక్కుతదా?

ఇంజిన్ వేడెక్కుతది, పెట్రోల్ అయిపోతది, గేర్‌బాక్స్ అంతంత మాత్రమే. నడిస్తేనే అది వేడెక్కేది. నేను చేసేది ఇది: స్టార్ట్ చేసినంక న్యూట్రల్‌ల పెట్టి క్లచ్ మీదికెళ్లి కాలు తీసి అర నిమిషం ఉంచుత. క్లచ్ వదిలినప్పుడే లోపలి షాఫ్ట్ తిరిగి ఆయిల్‌ను కలుపుతది. తొక్కి పట్టుకొని కూసుంటే ఏం కదలదు. అంతే, ఆ తర్వాత మెల్లగ బయలుదేరుడు.

నడిపేటప్పుడు ఏం చెయ్యాలె మరి, ఆ మొదటి నాలుగు కిలోమీటర్లు?

గుద్దొద్దు. ఇది మా తమ్మునికి చెప్పి చెప్పి నోరు నొచ్చింది, వాడు గేర్ వేస్తే చెక్క కొట్టినట్టుంటది. ఫస్ట్ నుంచి న్యూట్రల్‌కు తెచ్చి, ఒక్క గుక్క ఆగి, సెకండ్ దిక్కు మెత్తగ ఒత్తి పట్టుకోండ్రి. వేళ్లకు తెలుస్తది, ముందు ఒక అడ్డం, ఆ తర్వాత అదంతట అదే లోపలికి జారుకుంటది. ఆ జారేదాక ఒత్తిడి అంతే ఉంచాలె, పెంచొద్దు. ఇంజిన్‌ను కూడ బాగ గుంజకుంట 2000 ఆర్‌పీఎం దగ్గర్లనే మార్చేస్తే స్పీడు తేడా తక్కువుంటది.

మరీ మొండికేస్తే డబుల్ క్లచ్. క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి, మళ్ల తొక్కి సెకండ్. పాత లారీ డ్రైవర్లు దినమంతా ఇదే చేసేటోళ్లు, అప్పటి బండ్లకు సింక్రోలెక్కడివి. కిందికి దించేటప్పుడు, అంటే థర్డ్ నుంచి సెకండ్‌కు, నడుమ క్లచ్ వదిలినప్పుడు కొంచెం రేజ్ ఇయ్యాలె. రెండు రోజులు చేస్తే కాలికి అలవాటయితది. కాజీపేట బ్రిడ్జి మీద ఎనక హారన్ కొడుతుంటే మాత్రం కొత్తగ నేర్చుకోవద్దు.

వేడెక్కినంక కూడ ఒక్క సెకండ్‌ల మాత్రం కర్రుమంటంది.

అది సింక్రో అరిగింది. ఆయిల్ మారిస్తే కొంత తగ్గొచ్చు, పోదు. క్లచ్‌ది అయితే అన్ని గేర్లకూ, ముఖ్యంగ రివర్స్‌కు వస్తది. ఒక్క గేర్‌కే వస్తే ఆ గేర్ రింగే. తొందరపడి విప్పియ్యాల్సిన పని లేదు, డబుల్ క్లచ్ కొడుకుంట నడుపుకోవచ్చు, గేర్ వేసినంక అదంతట అదే బయటికి దుంకితే మాత్రం విప్పియ్యాల్సిందే.

మాది ఉల్టా. పొద్దుగాల మంచిగ పడి, ట్రాఫిక్‌ల వేడెక్కినంక గట్టిగ అయితంది.

అట్లయితే ఇదంతా మీకోసం కాదు. క్లచ్ హైడ్రాలిక్ చూపియ్యుండ్రి, పాత ఫ్లూయిడ్, లీకు, ఆ దారిల.

ఆయిల్‌ల కలిపే మందు సీసాలు అమ్ముతున్నరు, పోయొచ్చా?

నేను పోయలే, పోయను. సరైన ఆయిల్‌ల కంపెనీ కలపాల్సినవి కలిపే పంపిస్తది.

సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్న. గేర్‌బాక్స్ సంగతి ఎట్ల తెలుసుకోవాలె?

మధ్యాహ్నం పోవద్దు. సలికాలం పొద్దుగాల ఆరింటికి పోవాలె, నేనొచ్చేదాక స్టార్ట్ చెయ్యొద్దు అని ముందురోజే ఫోన్‌ల చెప్పాలె. పోయినంక మొదలు బానెట్ మీద చెయ్యి పెట్టుండ్రి. సల్లగ ఉంటే పైన చెప్పిన టెస్టులన్నీ చేసుకోండ్రి, ఫస్ట్ సెకండ్ నడుమ నాలుగైదు సార్లు మార్చి చూడుండ్రి, కొంచెం బరువుంటే రేటు తగ్గియ్యమని అడుగుండ్రి, ఆయిల్ ఖర్చే కాబట్టి లోపల నవ్వుకోండ్రి. బానెట్ వెచ్చగ ఉంటే ఏం అనొద్దు, వాళ్లు పోసిన చాయ్ తాగి, రేపు మళ్లొస్త అని చెప్పి వచ్చేయుండ్రి.